రాయి నేలది, వెలుగు సానది

తొలకరి జల్లు పడి ఎర్రనేల మీది దుమ్ము కొట్టుకుపోగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో మనుషులు వంగి నడవడం మొదలవుతుంది. అనంతపురం జిల్లాలో కణేకల్ నుంచి తూర్పుగా వెళ్ళి ఉరవకొండ దాటితే వజ్రకరూరు. ఆ ఊరి పేరులోనే వజ్రం ఉంది. శెనక్కాయ విత్తనం పడేలోపు దొరికే కొద్ది రోజుల్లో సద్ది కట్టుకుని వచ్చి, పొద్దుగూకేదాకా రాయీరాయీ తిప్పి చూసేవాళ్ళు ఏటా కనిపిస్తారు. అనుభవం లేనివాళ్ళు మెరిసేదాని కోసం వెతుకుతారు, గాజుపెంకుల దగ్గరా పలుగురాళ్ళ దగ్గరా ఆగిపోతారు. నేలలోంచి వచ్చిన వజ్రం అలా మెరవదు. జిడ్డు చేత్తో తాకినట్టు దాని మీద ఒక మసక నిగారింపు ఉంటుంది, అంతే. చూపుకు అది కలకండ ముక్క. దాన్ని తొక్కుకుంటూ గొర్రెలమంద దాటిపోయినా ఆశ్చర్యం లేదు. ఆ కలకండ ముక్కా, ముక్కుపుడకలో నిప్పురవ్వలు చిమ్మే రాయీ ఒకే పదార్థం. రెండింటికీ ఉన్న తేడా అంతా పలకల వాలులో ఉంది. వజ్రాన్ని క్యారెట్లలో తూచి, క్యారెట్ ముక్కలైన సెంట్లలో బేరమాడే అలవాటు ఈ సంగతిని మన కళ్ళకు కనపడకుండా చేసిందని నా నమ్మకం. బరువు అడిగినంత గట్టిగా వాలు అడగడం కొనేవాళ్ళు నేర్చుకోవాలి. ఎందుకు నేర్చుకోవాలో లెక్కతో సహా చూద్దాం.

1881లో వజ్రకరూరు దగ్గర 67.375 క్యారెట్ల రాయి ఒకటి దొరికింది. మద్రాసు నగల వ్యాపారులు ఓర్ అండ్ సన్స్ చేతికి చేరిన ఆ రాయికి గోర్-డో-నోర్ అని పేరు పెట్టారు. సానపట్టి బ్రిలియంట్ అనే పలకల కోతగా తీర్చాక మిగిలింది 24.625 క్యారెట్లు. అంటే నూటికి 63 పాళ్ళు పొడిగా, పెచ్చులుగా రాలిపోయాయి. 110 కోట్ల ఏళ్ళనాటి, వజ్రాలుండే కింబర్లైట్ రాతి గొట్టాలున్న నేలలో దొరికిన అంత అరుదైన వస్తువులో మూడింట రెండు వంతుల దాకా ఒక మనిషి కావాలని అరగదీశాడు. బియ్యం గింజంత వజ్రాన్ని కూడా పొట్లంలో చుట్టి దాచుకునే వ్యాపారంలో అంత నష్టానికి ఒప్పుకున్నారంటే, పోయిన బరువు కంటె వచ్చే వెలుగు ఎక్కువ విలువైనదని లెక్క వేసుకుని ఉండాలి. ఆ లెక్క ఏమిటో తెలియాలంటే ముందు నీళ్ళలోకి దిగాలి.

కణేకల్ చెరువులో నీళ్ళు తేటగా ఉన్న రోజున మునిగి, కళ్ళు తెరిచి పైకి చూస్తే ఆకాశమంతా నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ గుండ్రానికి బయట నీటి పైపొర అద్దమైపోయి చెరువు అడుగునే తిరిగి చూపిస్తుంది. నీళ్ళలోంచి పైకి పోయే వెలుగు నిటారుగీతకు 48.6 డిగ్రీల లోపల ఉంటే గాలిలోకి దాటగలదు. అంతకు మించి ఒరిగిందా, ఒక్క పిసరు కూడా బయటికి పోదు, మొత్తం లోపలికే తిరుగుతుంది. బడిలో దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అన్నారు, ఆ హద్దుకు సందిగ్ధ కోణం అని పేరు. మామూలు గాజుకు ఈ హద్దు 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. వజ్రానికి 24.4 డిగ్రీలు మాత్రమే. వజ్రంలో వెలుగు గాలిలోకంటె 2.42 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి హద్దు అంత ఇరుకైంది. లోపలికి వెళ్ళిన వెలుగుకు బయటికి దారి ఇంత సన్నగా ఉన్న రత్నాలు బహు కొద్ది. వెలుగును పట్టి ఉంచగల ఈ గుణం వజ్రానికి పుట్టుకతో వచ్చింది, దాన్ని ఎవరూ చెయ్యలేరు. పట్టిన వెలుగును ఎటువైపు వదలాలి అన్నది మాత్రం వజ్రానికి తెలియదు. కంటివైపు వదలొచ్చు, వెనకనున్న వేలివైపూ వదలొచ్చు. అది తేల్చేది పలకల వాలు.

మన పాత రత్నశాస్త్రాలు ఉత్తమ వజ్రానికి ఆరు కొనలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు అంచులు ఉండాలన్నాయి. రెండు చతురస్రపు గోపురాలను అడుగుకు అడుగు ఆనించి ఉంచినట్టుండే సహజ స్ఫటికం అది. అందమైన ఆకారమే, కాని వెలుగు లెక్కలో దానికి ఒక లోపం ఉంది. ఆ ముఖాల వాలు సమతలం నుంచి 54.7 డిగ్రీలు. పై కొనను అరగదీసి చదును చేశామనుకుందాం. నిటారుగా దిగిన కిరణం కింది గోపురపు ఒక ముఖాన్ని 54.7 డిగ్రీల కోణంలో తాకుతుంది. హద్దు 24.4 కాబట్టి దాటలేక పక్కకు తిరుగుతుంది. ఎదుటి ముఖాన్ని చేరేసరికి దాని కోణం 16 డిగ్రీలకు పడిపోతుంది. హద్దు లోపలికి వచ్చేసింది కనుక అందులో చాలా భాగం అక్కడే బయటపడి రాయి వెనక్కి పోతుంది. ఇప్పుడు అదే ముఖాన్ని అరగదీసి వాలును 40.75 డిగ్రీలకు దించితే మొదటి తాకిడి 40.75 దగ్గర, రెండోది 57.75 దగ్గర జరుగుతాయి. రెండు చోట్లా తలుపు మూసే ఉంటుంది. కిరణం పైకి తిరిగి, చదునైన పై పలకను 17 డిగ్రీల దగ్గర తాకుతుంది. అది 24.4 లోపలే కాబట్టి ఇక్కడ తలుపు తీసే ఉంది, వెలుగు చూసేవాళ్ళ కంట్లో పడుతుంది. పద్నాలుగు డిగ్రీల సవరణ, అంతే. కాని ఆ సవరణ కోసం కింది గోపురం ఎత్తులో నూటికి 39 పాళ్ళు సానచక్రానికి అప్పగించాలి. గోర్-డో-నోర్ పోగొట్టుకున్న బరువు వెనక ఇలాంటి లెక్కే ఉంది.

ఇది అడుగు భాగం సంగతి, వ్యాపారంలో దీన్ని పెవిలియన్ అంటారు. పై భాగం పేరు క్రౌన్, రెండింటికీ నడుమ సన్నటి గట్టు గర్డిల్. ఈనాటి గుండ్రటి బ్రిలియంట్‌లో పైన 33 పలకలు, కింద 24, అట్టడుగున మొన తీయడానికి పెట్టే చిన్న పలకతో కలిపి 58. కింది భాగం వెలుగును తిప్పి పంపే అద్దమైతే పై భాగం దాన్ని రంగులుగా విడదీసే పట్టకం. వజ్రంలో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, ఎరుపుకు 2.41, ఊదాకు 2.45. తేడా చిన్నదే, అయితే కిరణం ఏటవాలు పలకలోంచి బయటపడినప్పుడు ఆ తేడా విసనకర్రలా విచ్చుకుని ఒక్కో రంగూ ఒక్కో దారి పడుతుంది. చదునైన పై పలకలోంచి నిటారుకు దగ్గరగా వచ్చిన వెలుగు మాత్రం దాదాపు తెల్లగానే ఉంటుంది. అందుకని పై పలకను, అంటే టేబుల్‌ను, మరీ వెడల్పు చేస్తే తెల్లటి ప్రకాశం పెరిగి రంగులు తగ్గుతాయి. కుదించి, చుట్టూ వాలు నిలబెడితే రంగులు పెరుగుతాయి. ఆంట్వెర్ప్ వజ్రాల కుటుంబంలో పుట్టిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఈ రెంటికీ పొత్తు కుదిర్చే కొలతలను 1919లో ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. టేబుల్ వెడల్పు రాయి వ్యాసంలో 53 శాతం, పై వాలు 34.5 డిగ్రీలు, అడుగు వాలు 40.75. అనుభవంతో సానపట్టేవాళ్ళు అప్పటికే దాదాపు ఆ కొలతల దగ్గరికి వచ్చేశారు. చేతికి తెలిసిన దాన్ని అతను కాగితం మీద రుజువు చేశాడు. ఆ గౌరవం ఇద్దరికీ చెందాలి.

ఈ అంకెలను మంత్రంలా పట్టుకోకూడదన్న ఆక్షేపణ ఒకటుంది, అది న్యాయమైనదే. టోల్కోవ్‌స్కీ రాయిని నిలువుగా కోసి, ఒకే తలంలో నడిచే కిరణాలను లెక్కించాడు. నిజం వజ్రంలో వెలుగు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది, చూసే మనిషి తల కూడా పైనుంచి వచ్చే కొంత వెలుగుకు అడ్డు నిలుస్తుంది. కంప్యూటర్లతో త్రిమితీయంగా లెక్క వేసినప్పుడు ఒకే ఆదర్శపు బిందువు బదులు పొందికైన జోడీలు చాలా బయటపడ్డాయి. పై వాలు కాస్త నిలబడితే అడుగు వాలు కాస్త పడుకోవాలి, పైది పడుకుంటే కిందిది లేవాలి. కావడి రెండు కొసల్లాంటి వ్యవహారం. అమెరికాకు చెందిన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 2006 నుంచి గుండ్రటి బ్రిలియంట్లకు ఎక్సలెంట్ మొదలు పూర్ దాకా ఐదు మెట్లలో కోతకు శ్రేణి ఇస్తోంది. అందులో పై మెట్టు ఒకే కొలతకు దక్కేది కాదు, అనేక జోడీలకు చోటుంది. అలాగని ఏ కొలతైనా పర్వాలేదనుకుంటే పొరపాటు. అడుగు వాలు 39 డిగ్రీల కంటె బాగా కిందికి పోయిందా, టేబుల్ లోంచి చూసినప్పుడు గర్డిల్ నీడ బూడిదరంగు వలయమై తేలుతుంది. చేపకన్ను అంటారు దాన్ని. బాగా పైకి పోయిందా, రాయి నడుమ మేకు తలలా నల్లటి మచ్చ పడుతుంది. జోడీల సూత్రం రాయిని ఈ రెండు తప్పుల నుంచీ కాపాడలేదు. సాగు కాలువకు వాలు ఇవ్వడం లాంటిదే ఇదీ. రకరకాలుగా ఇవ్వొచ్చు, కాని నీళ్ళు పారని వాలు ఎప్పటికీ పారని వాలే.

ఇక మన పూర్వుల పనితనం మీద వచ్చే ప్రశ్న. కృష్ణాతీరంలో కొల్లూరు గని ప్రపంచానికి వజ్రాలు పంపిన కాలంలో మన సానవాళ్ళకు ఈ విద్య తెలియదా? పదిహేడో శతాబ్దంలో ఆ గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఇక్కడివాళ్ళు రాయి శుభ్రంగా ఉంటే ముఖాలకు మెరుగు మాత్రం పెడతారనీ, మచ్చలుంటే వాటిని కప్పడానికి చిన్న చిన్న పలకలు చెక్కుతారనీ రాశాడు. వాళ్ళ ధ్యేయం బరువు నిలపడం. రాజు బొక్కసంలో రత్నం బరువే దాని హోదా, రాయిని అరగదీయడం దాని బలాన్ని తగ్గించడమన్న నమ్మకమూ ఉండేది. ఆ కాలపు పద్ధతిని తెలివితక్కువతనం అనడానికి నాకు మనసొప్పదు. వాళ్ళు వెలుగు కోసం చెక్కలేదు, బరువు కోసం చెక్కారు, అనుకున్నది సాధించారు. అదే టావెర్నియర్ రాసిన ఇంకో ఉదంతం ఆ కాలపు మనసును పట్టిస్తుంది. మొగలు చక్రవర్తికి చేరిన 787 క్యారెట్ల పైచిలుకు రాయిని వెనిస్‌కు చెందిన హోర్టెన్సియో బోర్జియో అరగదీసి 280 క్యారెట్లకు తెచ్చాడు. కూలి ఇవ్వకపోగా అతనికి పదివేల రూపాయల జరిమానా వేశారు.

బరువు వైపు మొగ్గిన ఆ తూకం తారుమారైంది కోహినూరు దగ్గర. కొల్లూరుదని ప్రతీతి ఉన్న ఆ రాయిని 1851లో లండన్ మహాప్రదర్శనలో పెడితే జనం బారులు తీరి చూసి పెదవి విరిచారు. చుట్టూ గ్యాసుదీపాలు పెట్టినా అది గాజుముక్కలాగే కనిపించింది. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్ కోస్టర్ సంస్థ పనివాళ్ళు లండన్‌కు వచ్చి, ఆవిరియంత్రంతో నడిచే చక్రం మీద 38 రోజులు సానపట్టారు. 191 మెట్రిక్ క్యారెట్ల రాయి 105.6కు దిగింది. ఆ నష్టం చూసి బాధపడినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మన చరిత్ర చెక్కిన రూపాన్ని పరాయివాళ్ళు చెరిపేశారన్న బాధలో న్యాయం ఉంది. నాకూ ఆ బాధ ఉంది. ఆ పాత రూపం ఒక చారిత్రక సాక్ష్యం, దాన్ని మళ్ళీ తేలేం. కాని మెరవడం అనే ఒక్క ప్రశ్నకు మాత్రం లండన్ జనం తమకు తెలియకుండానే సరైన జవాబు చెప్పారు. కొండంత పేరున్న రాయి కూడా వాలు కుదరకపోతే గాజుముక్కే.

రాజుల బరువు మోజు ఇప్పుడు మన సెంట్ల మోజుగా మిగిలింది. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. ముడిరాయి కొన్న వ్యాపారికి ప్రతి మిల్లీగ్రాము డబ్బే. 0.97 క్యారెట్లకూ 1.00 క్యారెట్‌కూ క్యారెట్ ధరలోనే మెట్టు తేడా ఉంటుంది కాబట్టి, ఆ మెట్టు ఎక్కించడానికి రాయి కింద కాస్త లోతు, గర్డిల్‌లో కాస్త మందం వదిలేయాలన్న ఆశ సానవాడి ముందు రోజూ నిలబడుతుంది. మంచి కొలతల్లో ఒక క్యారెట్ గుండ్రటి రాయి వ్యాసం దాదాపు 6.5 మిల్లీమీటర్లు. లోతు దాచిపెట్టిన రాయి అదే బరువుతో 6.2 దగ్గర ఆగిపోతుంది. కొన్నవాళ్ళు ఒక క్యారెట్‌కు డబ్బిచ్చి, కంటికి చిన్నగా, వెనక్కి కారిపోయే వెలుగుతో ఉన్న రాయిని ఇంటికి తెచ్చుకుంటారు. సామాన్యుడికి అదే డబ్బుకు పెద్ద బరువు రావడమే లాభం కదా అనే వాదం ఇక్కడే విరిగిపోతుంది. ఆ అదనపు బరువు గూడు అడుగున కంటికి అందని చోట ఉంది. ప్రపంచపు వజ్రాల్లో అత్యధిక భాగాన్ని సానపడుతున్న సూరత్‌లో ఉత్తమ కోత చేయగల చేతులకు కొదువ లేదు. వాళ్ళ చేత ఏ కోత చేయించాలో నిర్ణయించేది మార్కెట్, అంటే చివరికి దుకాణంలో కూర్చుని మనం అడిగే ప్రశ్నలు. రంగూ, స్వచ్ఛతా అడుగుతాం. సరే, అవీ ముఖ్యమే. కాని భూతద్దం పెడితే తప్ప కనిపించని మచ్చ వెలుగును ఆపేది బహు తక్కువ, రెండు డిగ్రీల తప్పు వాలు రాయి మొత్తాన్ని మసకబారుస్తుంది.

అంతా వాలే అయితే చక్కగా తీర్చిన అమెరికన్ డైమండ్ కూడా వజ్రంతో సమానమేగా అని అడగొచ్చు. ఇది నా వాదానికి ఎదురయ్యే ప్రశ్నల్లో గట్టిది. మన బజార్లలో ఆ పేరుతో అమ్మేది క్యూబిక్ జిర్కోనియా. దాని గుణకం 2.16 దగ్గర ఉంటుంది, రంగులు విడదీయడంలో వజ్రాన్ని మించుతుంది కూడా. అయితే పలక పైనుంచే తిరిగివచ్చే వెలుగు వజ్రానికి 17 శాతం, దానికి 13. వజ్రపు పలకల అంచులు కత్తిలా నిలుస్తాయి, దాని అంచులు వాడకంలో మొద్దుబారతాయి. కాబట్టి పదార్థానికి విలువ లేదని నేను అనడం లేదు. పదార్థం ఒక అవకాశం ఇస్తుంది, వాలు ఆ అవకాశాన్ని నిలబెట్టాలి. వాలు తప్పిన వజ్రం కంటె వాలు కుదిరిన అమెరికన్ డైమండ్ పెళ్ళిపందిట్లో ఎక్కువ మెరుస్తుందంటే ఒప్పుకోక తప్పదు. ప్రయోగశాలలో పెంచిన వజ్రం సంగతి ఇంకా తేట. గుణకం అదే 2.42, హద్దు అదే 24.4. కిరణానికి ఆ రాయి వజ్రకరూరు నేలలో పుట్టిందా, యంత్రంలో పుట్టిందా అన్న తేడా తెలియదు.

కొనేవాళ్ళు చేయగలిగిందేమిటి? దుకాణం పైకప్పులో పొదిగిన పదుల కొద్దీ చిన్న దీపాల కింద ఏ రాయైనా మిణుకుమంటుంది, అక్కడ చూసి తీర్పు చెప్పకూడదు. రాయిని గుమ్మం దాకా తీసుకెళ్ళమని అడగాలి. కణేకల్ లాంటి చోట మధ్యాహ్నపు ఎండలో పెడితే మంచి వజ్రం కూడా నల్లబడినట్టుండి, అక్కడక్కడ ఎరుపూ నీలమూ రవ్వలు విసురుతుంది. సూర్యుడు ఒక్క చుక్క దీపం కావడమే దానికి కారణం, రాయి తప్పు లేదు. అక్కడి నుంచి వేపచెట్టు నీడలోకి తెస్తే ఆకాశం నలువైపుల నుంచీ వెలుగు పోస్తుంది, రంగులు సద్దుమణిగి తెల్లటి కాంతి నిండుతుంది. నీడలో కూడా నడిమి భాగం నల్లగానో బూడిదగానో ఉండిపోతే వాలు తప్పినట్టే. గూట్లో పొదగని రాయి అయితే పత్రిక అచ్చు మీద బోర్లించకుండా పైపలక పైకి ఉంచి చూడాలి. అక్షరాలు రాయిలోంచి కనిపిస్తున్నాయంటే అటునుంచి వెలుగు కారిపోతోందని అర్థం. ధ్రువపత్రంలో రాయి బొమ్మ పక్కనే వాలులు డిగ్రీల్లో అచ్చయి ఉంటాయి. ధర చదివే ముందు వాటిని చదవాలి.

ఇంట్లో జరిగే నష్టం మరొకటుంది. తలకు రాసుకున్న కొబ్బరినూనె కమ్మల వెనక చేరి పేరుకుంటుంది. అప్పుడు వజ్రం అడుగు పలకలకు ఆనుకుని గాలి ఉండదు, నూనె ఉంటుంది. గాలి పక్కన 24.4 డిగ్రీలున్న హద్దు నూనె పక్కన 37 డిగ్రీలకు జరిగిపోతుంది. నిటారుగా దిగిన కిరణం 40.75 దగ్గర తాకుతుంది కాబట్టి ఎలాగో గట్టెక్కుతుంది, ఏటవాలుగా వచ్చినవి చాలావరకు నూనెలోకి జారిపోతాయి. సాన పట్టినవాడు డిగ్రీలో ముక్కల కోసం రోజుల తరబడి పడిన కష్టం ఒక నూనెచుక్క కింద మునిగిపోతుంది. వెనక తెరిచి కట్టిన కమ్మలైతే గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో అడుగు నుంచి తోమి ఆరబెడితే చాలు, 37 మళ్ళీ 24.4కు దిగుతుంది.